గణిత సాఫ్ట్‌వేర్‌కు వేగం తెచ్చే డెవలపర్‌ను ఎలా ఎంచుకోవాలి?

భవనాల ఫ్రేములను విశ్లేషించే సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మే చిన్న కంపెనీ ఒకటి ఉందనుకుందాం. మొదట్లో కస్టమర్లు పది అంతస్తుల మోడళ్లు పెట్టేవాళ్లు, నిమిషంలో జవాబు వచ్చేది. ఇప్పుడు నలభై అంతస్తుల టవర్లు పెడుతున్నారు. సాయంత్రం రన్ మొదలుపెడితే మర్నాడు పొద్దున దాకా ఆగాల్సి వస్తోంది. యజమానికి టెన్షన్ పట్టుకుంటుంది. ఉద్యోగ ప్రకటన రాస్తాడు: సీ ప్లస్ ప్లస్, ఫోర్ట్రాన్, పైథాన్, క్యూడా, ఎంపీఐ, న్యూమరికల్ మెథడ్స్, ఫైనైట్ ఎలిమెంట్స్ అన్నీ రావాలి, ఐదేళ్ల అనుభవం ఉండాలి.

ఇలాంటి ప్రకటనకు రెజ్యూమెలు కుప్పలుగా వస్తాయి. అన్నిటిలోనూ ఆ పదాలే ఉంటాయి. వాటిలోంచి సరైన మనిషిని ఏరుకోవడం చాలా కష్టం, ఎందుకంటే ఆ ప్రకటన నలుగురు వేర్వేరు నిపుణుల పనిని ఒక్కరి నెత్తిన పెట్టింది. ఆ నలుగురిలో మీకు ఎవరు అవసరమో తేల్చుకోవడానికి ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. ఇదే రంగంలో పనిచేస్తూ చిన్న సంస్థల ఇంటర్వ్యూల్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి నా మొగ్గు ఎటో దాచను.

ప్రకటన కన్నా ముందు ప్రొఫైలర్

మీ ప్రోగ్రామ్ సమయం ఎక్కడ ఖర్చవుతోందో తెలియకుండా మనిషిని వెతకొద్దు. లినక్స్‌లో పెర్ఫ్, ఇంటెల్ ప్రాసెసర్లకు వీట్యూన్, ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులకు ఎన్‌సైట్ లాంటి ప్రొఫైలర్లు, అంటే ఏ భాగానికి ఎంత సమయం పడుతోందో కొలిచే పనిముట్లు, ఉచితంగానే దొరుకుతాయి. మీ దగ్గర ఇప్పుడున్న డెవలపరే కొద్ది రోజుల్లో ఈ పని చేసిపెట్టగలడు. అయితే కస్టమర్ పంపిన పెద్ద మోడల్‌తోనే చేయాలి. డెమో కోసం దాచుకున్న చిన్న మోడల్ మొత్తం ప్రాసెసర్ క్యాష్ అనే చిన్న, వేగమైన మెమరీలోనే పట్టేస్తుంది, అసలు సమస్య బయటపడదు.

ఈ కొలత మీద ఆధారపడే లెక్క ఒకటుంది. మొత్తం సమయంలో సమీకరణాలు సాధించే సాల్వర్ వాటా 70 శాతం అనుకోండి. దాన్ని రెప్పపాటులో ముగిసేలా చేసినా మిగతా 30 శాతం అలాగే ఉంటుంది. మొత్తం మీద మూడు రెట్లకు కాస్త పైన వేగం వస్తుంది, అంతే. జీన్ ఆమ్డాల్ 1967లో చెప్పిన సూత్రం ఇది. "పది రెట్లు వేగం తెస్తాను" అని ఎవరైనా ఇంటర్వ్యూలో అన్నప్పుడు మీ చేతిలో ఈ శాతాలు ఉండాలి. ఒక సంస్థ జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) నిపుణుణ్ణి పెద్ద జీతానికి తీసుకోవడం నేను చూశాను. తీరా చూస్తే రన్ సమయంలో సగానికి పైగా ఇన్‌పుట్ ఫైలును టెక్స్ట్‌గా చదవడానికే పోతోంది. ఆ ఫైలును బైనరీగా దాచుకుంటే సరిపోయేది.

ప్రొఫైలర్ చెప్పే జవాబు సాధారణంగా మూడు రకాల్లో ఒకటిగా ఉంటుంది. ఎంచుకున్న పద్ధతే తప్పు కావచ్చు. పద్ధతి సరైనదే అయినా ప్రాసెసర్ ఎక్కువసేపు మెమరీ కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. లేదా రెండూ బాగానే ఉండి, ఒక్క మెషీన్ శక్తి సరిపోకపోవచ్చు. ఈ మూడింటికీ కావాల్సిన మనుషులు వేరు.

పద్ధతి తప్పైతే: న్యూమరికల్ ఎనలిస్ట్

మన కంపెనీ ఉదాహరణనే తీసుకుందాం. లక్ష చలరాశులున్న సమీకరణాల వ్యవస్థ ఉంది. దాని మ్యాట్రిక్స్‌ను పూర్తిగా దాచుకుంటే వెయ్యి కోట్ల గడులు. ఒక్కో గడికి 8 బైట్లు వేసుకుంటే 80 గిగాబైట్లు. కానీ ఫ్రేమ్‌లో ప్రతి జాయింట్ తన పక్కనున్న కొన్ని జాయింట్లతోనే కలిసి ఉంటుంది. అందువల్ల ఒక్కో వరుసలో సున్నా కాని సంఖ్యలు ఓ యాభై దాకా ఉంటాయనుకోవచ్చు. వాటిని మాత్రమే దాచుకుంటే 50 లక్షల సంఖ్యలు, వాటి స్థానాలతో కలిపి దాదాపు 60 మెగాబైట్లు.

లెక్కల సంఖ్యలో తేడా ఇంకా పెద్దది. సమీకరణాలు సాధించడానికి పూర్తి మ్యాట్రిక్స్‌ను చోలెస్కీ పద్ధతిలో రెండు త్రిభుజాకార మ్యాట్రిక్స్‌లుగా విడగొట్టాలంటే సుమారు 3.3 కోట్ల కోట్ల లెక్కలు చేయాలి. 3 గిగాహెర్ట్జ్ వేగంతో, సైకిల్‌కు (ప్రాసెసర్ గడియారపు ఒక్క టిక్కుకు) 16 లెక్కలు చేయగల కోర్ సెకనుకు 4,800 కోట్ల లెక్కలు చేస్తుంది. ఆ కోర్ ఒక్క క్షణం కూడా ఆగకుండా పనిచేసినా రెండు గంటల పని. అదే మ్యాట్రిక్స్‌ను స్పార్స్ పద్ధతిలో, అంటే సున్నాలను వదిలేసి, వరుసల క్రమం సరిగ్గా మార్చుకుని విడగొడితే సెకన్లలో పూర్తవుతుంది. ఆ క్రమం మార్చడం కూడా చిన్న విషయం కాదు. క్రమం సరిగ్గా లేకపోతే విడగొట్టే దారిలో సున్నాలున్న చోట కొత్త సంఖ్యలు పుట్టుకొచ్చి మెమరీ నిండిపోతుంది.

ఎంత గొప్ప అసెంబ్లీ కోడ్ రాసినా పూర్తి మ్యాట్రిక్స్ పద్ధతితో ఆ సెకన్ల దగ్గరకు చేరలేరు. ఈ రకం సమస్యకు కావాల్సింది మ్యాట్రిక్స్ స్వభావం చూడగానే పద్ధతి చెప్పగలిగే మనిషి: సిమెట్రిక్‌గా ఉందా, పాజిటివ్ డెఫినిట్ అవునా, నేరుగా విడగొట్టాలా, కాంజుగేట్ గ్రేడియంట్ లాంటి పునరావృత పద్ధతి వాడాలా, వాడితే దాన్ని త్వరగా ముగించే ప్రీకండిషనర్ ఏది. వీళ్లు ఎక్కువగా అప్లైడ్ మ్యాథమెటిక్స్, కంప్యుటేషనల్ సైన్స్ చదువుల నుంచి వస్తారు. బెంగళూరు ఐఐఎస్సీలో కంప్యుటేషనల్ అండ్ డేటా సైన్సెస్ విభాగం, ఐఐటీ హైదరాబాద్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గణిత విభాగం, ఎన్ఐటీ వరంగల్‌లో మ్యాథమెటిక్స్ అండ్ సైంటిఫిక్ కంప్యూటింగ్ ఎంఎస్సీ లాంటి చోట్ల వెతకొచ్చు.

వీళ్ల బలహీనత కూడా తెలుసుకోవాలి. కొందరు మ్యాట్లాబ్‌లోనో పైథాన్‌లోనో పద్ధతిని అద్భుతంగా నిరూపిస్తారు. అమ్మే సాఫ్ట్‌వేర్‌లో పెట్టాల్సిన కోడ్ దగ్గరికి వచ్చేసరికి టెస్టులు ఉండవు, వెర్షన్ కంట్రోల్ సరిగా ఉండదు, మెమరీ అయిపోతే ఏం జరగాలో ఆలోచించి ఉండరు. పక్కన ఒక మంచి సాఫ్ట్‌వేర్ డెవలపర్‌ను పెడితే ఈ లోటు తీరుతుంది. దీన్ని తిప్పి చేయడం మాత్రం కష్టం. సాధారణ డెవలపర్ పక్కన ఎవరిని పెట్టినా, గణితం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది.

మెమరీ కోసం ఆగుతుంటే: పెర్ఫార్మెన్స్ ఇంజినీర్

కోర్‌కు అతిదగ్గరగా ఉండే ఎల్1 క్యాష్‌లో ఉన్న సంఖ్య నాలుగైదు సైకిళ్లలో ప్రాసెసర్‌కు అందుతుంది. అదే సంఖ్య ప్రధాన మెమరీ నుంచి రావాలంటే వందల సైకిళ్లు పడుతుంది. మెమరీ నుంచి ఒకసారికి 64 బైట్లు, అంటే డబుల్ ప్రెసిషన్ (64 బిట్ల) సంఖ్యలు ఎనిమిది, కలిసి వస్తాయి. సీ భాషలో పెద్ద మ్యాట్రిక్స్‌ను అడ్డంగా చదివితే ఆ ఎనిమిదీ వాడుకుంటాం. నిలువుగా చదివితే ఒకటి వాడుకుని ఏడింటిని వదిలేస్తాం. లూపుల క్రమం మార్చడం అనే రెండు లైన్ల మార్పుతో ప్రోగ్రామ్ కొన్ని రెట్లు వేగం పుంజుకోవడం వెనక ఉన్న కారణం ఇదే. ఫోర్ట్రాన్‌లో ఇది తిరగబడుతుంది, అక్కడ నిలువుగా చదవాలి. ఫోర్ట్రాన్ కోడ్‌ను సీ ప్లస్ ప్లస్‌లోకి లైనుకు లైను మార్చినప్పుడు వేగం పడిపోయిందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

పెర్ఫార్మెన్స్ ఇంజినీర్ ఇలాంటి విషయాలతోనే బతుకుతారు. క్యాష్, ఒకేసారి పలు సంఖ్యల మీద పనిచేసే వెక్టర్ సూచనలు, సమాంతరంగా నడిచే థ్రెడ్లు, రెండు ప్రాసెసర్లున్న సర్వర్లో ఏ మెమరీ ఏ ప్రాసెసర్‌కు దగ్గర అన్నవి వాళ్లకు కంఠతా వస్తాయి. హైదరాబాద్‌లో ఏఎండీ, ఎన్విడియా, ఇంటెల్ లాంటి చిప్ కంపెనీల ఆఫీసులు ఉన్నాయి కాబట్టి ఈ నైపుణ్యం ఉన్నవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. ఆ కంపెనీలు ఇచ్చే జీతాలతో మీరు పోటీపడాలన్నది కూడా అంతే నిజం. గేమింగ్, స్టాక్ ట్రేడింగ్, వీడియో కోడెక్ రంగాల నుంచి వచ్చినవాళ్లనూ చూడండి. నిర్మాణాన్ని చిన్న ముక్కలుగా చేసి విశ్లేషించే ఫైనైట్ ఎలిమెంట్స్ పద్ధతి వాళ్లకు తెలియకపోయినా ఈ పనికి అడ్డురాదు.

వీళ్లతో జాగ్రత్త పడాల్సింది ఒక్క చోట. వేగం కోసం ఫాస్ట్ మ్యాథ్ అనే కంపైలర్ (కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) ఆప్షన్ ఆన్ చేయడం చాలామందికి అలవాటు. అది కూడికల క్రమం మార్చే స్వేచ్ఛ కంపైలర్‌కు ఇస్తుంది. రౌండింగ్ దోషాన్ని సరిచేయడానికి జాగ్రత్తగా రాసుకున్న కహాన్ కూడిక లాంటి కోడ్‌ను కంపైలర్ అనవసరమనుకుని తీసేయవచ్చు. ఆల్‌జీబ్రా ప్రకారం ఆ సవరణ విలువ సున్నా మరి. రన్ వేగంగా అవుతుంది, చివరి అంకెలు నిశ్శబ్దంగా మారిపోతాయి. ఈ ఆప్షన్ గురించి అడిగినప్పుడు ఎక్కడ వాడొచ్చో, ఎక్కడ వాడకూడదో విడదీసి చెప్పేవాళ్లు నాకు నచ్చుతారు.

జీపీయూ నిపుణుడు, రంగం తెలిసిన ఇంజినీర్

మూడో రకం, ఉన్న మెషీన్ శక్తి సరిపోనప్పుడు కావాల్సిన జీపీయూ ప్రోగ్రామర్. ఇప్పుడు గిరాకీ అంతా వీళ్లకే, ఎక్కువమంది అనుభవం మెషీన్ లెర్నింగ్‌లో. అక్కడ 16 బిట్ల సంఖ్యలతో పని జరిగిపోతుంది. భవనం బలం లెక్కకు సాధారణంగా 64 బిట్లు కావాలి. ఈ తేడా హార్డ్‌వేర్ ఖర్చు మీద నేరుగా పడుతుంది. ఆర్టీఎక్స్ 4090 లాంటి గేమింగ్ కార్డులో డబుల్ ప్రెసిషన్ వేగం సింగిల్ ప్రెసిషన్ (32 బిట్ల) వేగంలో 64వ వంతు మాత్రమే. డేటా సెంటర్ కోసం చేసిన ఏ100లో అది సగం. మొదటి సంభాషణలోనే "మీకు ఏ ప్రెసిషన్ కావాలి?" అని అడగని జీపీయూ నిపుణుణ్ణి గణిత సాఫ్ట్‌వేర్ కోసం తీసుకోవద్దు. మీ కస్టమర్ల ఆఫీసుల్లో అసలు ఎలాంటి మెషీన్లు ఉన్నాయో కూడా కనుక్కోండి. మామూలు ల్యాప్‌టాప్ మీద నడవాల్సిన సాఫ్ట్‌వేర్‌కు ఎన్విడియా జీపీయూల కోసం రాసే క్యూడా కోడ్ వల్ల కలిగే మేలు తక్కువ.

నాలుగో రకం, రంగం తెలిసిన మనిషి: స్ట్రక్చరల్ ఇంజినీర్, సముద్ర శాస్త్రవేత్త, వాతావరణ శాస్త్రవేత్త. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో సముద్ర మోడళ్లు నడుపుతారు. ఆ మోడళ్లలో చాలావరకు ఫోర్ట్రాన్ కోడే. అలాంటి చోట పనిచేసి వచ్చినవాళ్లకు వేల కోర్ల మీద రన్ ఎలా నడపాలో, ఫలితం భౌతికంగా అర్థవంతంగా ఉందో లేదో చూడగానే తెలుస్తుంది. వేగం పెంచడానికి మాత్రమే వీళ్లను తీసుకోవడం సరికాదు. ఫలితాలను సరిచూసే మనిషిగా మాత్రం వీళ్లు లేకుండా ముందుకు వెళ్లొద్దు.

ఎందుకంటారా? 1991 ఆగస్టులో నార్వేలో స్లైప్‌నర్ ఏ అనే చమురు ప్లాట్‌ఫాం కాంక్రీటు పునాది మునిగిపోయింది. ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషణలో షియర్ స్ట్రెస్‌ను (కోత ఒత్తిడిని) 47 శాతం తక్కువగా లెక్కగట్టడం, దాంతో కొన్ని గోడల మందం సరిపోకపోవడం కారణమని విచారణలో తేలింది. కంప్యూటర్ ఆ లెక్కను ఎంత వేగంగా చేసిందన్నది ఎవరూ అడగలేదు. జవాబు నమ్మదగిందా అనే ప్రశ్న వేగం కన్నా ముందు రావాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మనిషిని పెట్టాలా, లైబ్రరీ వాడాలా

కొన్నిసార్లు కొత్తగా ఎవరినీ తీసుకోనక్కర్లేదు. వెక్టర్, మ్యాట్రిక్స్ లెక్కలకు వాడే బ్లాస్ అనే ప్రాథమిక రొటీన్ల కూర్పు 1979లో మొదలైంది. దాని మీద కట్టిన, సమీకరణాల వ్యవస్థలు సాధించే ల్యాపాక్ 1992లో వచ్చింది. ఈ పనిలో ముఖ్యుడైన జాక్ డోంగారాకు 2021 ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. కజుషిగే గోటో ఒక్కో ప్రాసెసర్ కోసం చేత్తో చెక్కిన రొటీన్ల వారసత్వమే ఈనాటి ఓపెన్‌బ్లాస్. వెయ్యి వరుసల చతురస్ర మ్యాట్రిక్స్‌లు రెండింటిని గుణించడానికి 200 కోట్ల లెక్కలు కావాలి. పైన చెప్పిన కోర్ మీద మంచి బ్లాస్ ఆ పని సెకనులో ఇరవయ్యో వంతుకు అటూఇటూగా ముగిస్తుంది. మామూలుగా రాసుకున్న మూడు లూపులకు సెకనో, ఇంకా ఎక్కువో పడుతుంది. మీ కోడ్‌లో అలాంటి మూడు లూపులు కనిపిస్తే వాటి స్థానంలో బ్లాస్‌ను పిలవండి. ఆ పని చేతిలో ఉన్న డెవలపర్‌తోనే అవుతుంది.

"నేనే సొంతంగా మ్యాట్రిక్స్ లైబ్రరీ రాస్తాను" అని ఉత్సాహపడే అభ్యర్థికి నేను తక్కువ మార్కులు వేస్తాను. మీ సమస్యకు ప్రత్యేకమైన ఆకారం ఉంటే తప్ప దశాబ్దాల పనితో ఒక మనిషి పోటీపడలేడు.

లైసెన్స్ విషయం మర్చిపోవద్దు. ఓపెన్‌బ్లాస్‌ది బీఎస్‌డీ లైసెన్స్, అమ్మే సాఫ్ట్‌వేర్‌లో ఇబ్బంది లేదు. ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్‌లకు పేరుపడ్డ ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ జీపీఎల్ కింద ఉంది. దాన్ని కలిపి మీ కోడ్ బయటపెట్టకుండా అమ్మాలంటే ఎంఐటీ దగ్గర వాణిజ్య లైసెన్స్ కొనుక్కోవాలి. గ్నూ సైంటిఫిక్ లైబ్రరీ కూడా జీపీఎల్లే. స్పార్స్ మ్యాట్రిక్స్‌లకు వాడే సూట్‌స్పార్స్‌లో ఒక్కో భాగానికి ఒక్కో లైసెన్స్. అభ్యర్థి తన పాత ప్రాజెక్టుల్లో ఏ లైబ్రరీలు ఏ లైసెన్స్ కింద వాడారో చెప్పగలిగితే, ఆ మనిషి నిజంగా అమ్మే సాఫ్ట్‌వేర్ మీద పనిచేశారని అర్థం.

ఉద్యోగమా, ఫ్రీలాన్సా, కన్సల్టెన్సీయా, యూనివర్సిటీయా

పని స్వభావమే ఇది నిర్ణయిస్తుంది. పద్ధతి మార్చడం ఒక్కసారి జరిగే పని. కొన్ని నెలల్లో అయిపోతుంది, తర్వాత ఆ నిపుణుడికి మీ దగ్గర చేతినిండా పని ఉండదు. అలాంటప్పుడు న్యూమరికల్ ఎనలిస్ట్‌ను పర్మినెంట్‌గా తీసుకుంటే ఏడాది తిరక్కుండానే విసుగొచ్చి వెళ్లిపోతారు. వాళ్లను ఫ్రీలాన్సర్‌గానో కన్సల్టెంట్‌గానో పెట్టుకోవడం ఇద్దరికీ మంచిది. పెర్ఫార్మెన్స్ పని వేరు. కొత్త ప్రాసెసర్ వచ్చిన ప్రతిసారీ, కొత్త ఫీచర్ కలిపిన ప్రతిసారీ మళ్లీ కొలవాలి. అది ఇంట్లో ఉండాల్సిన నైపుణ్యం.

కన్సల్టెన్సీ సంస్థలతో ఉన్న సౌకర్యం, ఒకరు సెలవు పెట్టినా పని ఆగదు. కాకపోతే చర్చలకు వచ్చే సీనియర్ ఒకరు, కోడ్ రాసేది ఇంకొకరు కావడం మామూలే. రాసేవాళ్ల పేర్లు ఒప్పందంలో ఉండాలని అడగండి, వాళ్లతో మీరే ఇంటర్వ్యూ చేయండి.

యూనివర్సిటీతో ప్రాజెక్టు పెట్టుకోవడం చాలామందికి తట్టని దారి. జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ 2015లో మొదలయ్యాక దేశంలోని చాలా విద్యాసంస్థలకు పెద్ద మెషీన్లు వచ్చాయి. ఐఐటీ హైదరాబాద్‌లో 838 టెరాఫ్లాప్స్ (టెరాఫ్లాప్స్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు, పెటాఫ్లాప్స్ దానికి వెయ్యి రెట్లు) పరమ్ సేవ, ఐఐఎస్సీలో 3.3 పెటాఫ్లాప్స్ పరమ్ ప్రవేగ అలా వచ్చినవే. వాటి మీద పనిచేసే ప్రొఫెసర్లు, పీహెచ్‌డీ విద్యార్థులు మీ సమస్య ఆసక్తికరంగా ఉంటే తక్కువ ఖర్చుతో లోతైన పని చేసిపెడతారు. వాళ్ల కాలెండర్ మాత్రం సెమిస్టర్లతో, పరిశోధన పత్రాలతో నడుస్తుంది. కస్టమర్‌కు ఫలానా తేదీకి ఇస్తామని మాట ఇచ్చి ఉంటే ఈ దారి వద్దు. ఏడాది సమయం ఉంటే నా మొదటి సలహా ఇదే. ఆ విద్యార్థి చదువు ముగించాక మీ దగ్గరే చేరే అవకాశం కూడా ఉంటుంది.

ఫ్రీలాన్సర్ విషయంలో చాలామందికి తెలియని చట్టం ఒకటుంది. 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కు వేరే ఒప్పందం లేకపోతే యజమానే మొదటి హక్కుదారు. ఫ్రీలాన్సర్‌కు ఇది వర్తించదు. మీరు డబ్బు మొత్తం చెల్లించినా, రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే హక్కు రాసినవాళ్లదే. బదిలీ పత్రంలో కాలం రాయకపోతే 19వ సెక్షన్ దాన్ని ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తుంది. మీ కస్టమర్లు దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో ఉంటే దీని బరువు మీకే తెలుస్తుంది. కాలమూ ప్రాంతమూ స్పష్టంగా రాయించి, సంతకం ముందు లాయర్‌కు చూపించండి.

ఇంటర్వ్యూలో అడగాల్సినవి

లీట్‌కోడ్ సైట్‌లో ఉండే ప్రోగ్రామింగ్ పజిళ్లు ఈ పనికి ఏమీ చెప్పవు. నేను ఎక్కువగా వాడే ప్రశ్న ఇంటర్మీడియట్ గణితంలోది. ఎక్స్ స్క్వేర్ మైనస్ పది కోట్ల ఎక్స్ ప్లస్ ఒకటి ఈక్వల్ టు సున్నా. ఈ వర్గ సమీకరణం మూలాలు కనుక్కునే ప్రోగ్రామ్ రాయమంటాను. అందరూ బడిలో నేర్చుకున్న సూత్రం రాస్తారు. చిన్న మూలం దాదాపు 0.00000001 రావాలి. డబుల్ ప్రెసిషన్‌లో ఆ సూత్రం ఇచ్చేది 0.00000000745, అంటే పాతిక శాతం తప్పు. దాదాపు సమానమైన రెండు పెద్ద సంఖ్యలను తీసివేయడంతో పనికొచ్చే అంకెలన్నీ కొట్టుకుపోయాయి. పెద్ద మూలాన్ని ముందు కనుక్కుని, ఒకటిని దాంతో భాగిస్తే చిన్న మూలం సరిగ్గా వస్తుంది. అభ్యర్థి ఇది ముందే పసిగట్టకపోయినా ఫర్వాలేదు. తప్పు జవాబు చూపించాక కారణం దగ్గరికి ఎలా వెళ్తారో గమనించండి. "డేటా టైప్ పెద్దది చేద్దాం" అని ఆగిపోయేవాళ్లకూ, సూత్రం మార్చేవాళ్లకూ మధ్య తేడా చాలా ఉంది.

రెండో ప్రశ్న: సమీకరణాల వ్యవస్థను ఇన్వర్స్ కనుక్కుని సాధిస్తారా? ఇన్వర్స్ లెక్కించడం నేరుగా సాధించడం కన్నా సుమారు మూడు రెట్లు ఖర్చు. స్పార్స్ మ్యాట్రిక్స్ ఇన్వర్స్ అయితే సాధారణంగా నిండు మ్యాట్రిక్స్‌గా మారిపోతుంది. "ఇన్వర్స్ అవసరం ఎప్పుడో కానీ రాదు" అనే జవాబు ఆలోచించకుండానే రావాలి.

మూడోది: ఒకే ప్రోగ్రామ్, ఒకే ఇన్‌పుట్, నాలుగు థ్రెడ్లతో ఒక జవాబు, ఎనిమిది థ్రెడ్లతో చివరి అంకెల్లో వేరే జవాబు వచ్చింది. ఇది బగ్గేనా? కంప్యూటర్ కూడికలో క్రమం మారితే రౌండింగ్ మారుతుందని తెలిసినవాళ్లు ముందు తేడా ఎంతో అడుగుతారు. తేడా పదిహేనో అంకెలో ఉందా, ఐదో అంకెలో ఉందా అన్నదాన్ని బట్టి మాట్లాడతారు. ఐదో అంకెలో ఉంటే రెండు థ్రెడ్లు ఒకే చోట రాస్తున్నాయేమో, లేదా సమస్యే చిన్న మార్పుకు ఊగిపోయే రకమేమో చూడాలంటారు. ఈ వరుసలో ఆలోచించే మనిషి దొరికితే మిగతా ప్రశ్నలు కుదించేయండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటర్వ్యూ చేస్తుంటే తెలుగులో కూడా చెప్పమనండి. ఇంగ్లిష్‌లో తడబడే కుర్రాళ్లు చాలామంది ఇదే విషయాన్ని తెలుగులో బోర్డు మీద గీసి చక్కగా వివరిస్తారు. మీకు కావాల్సింది ఆ ఆలోచన.

చివరగా, వారం రోజుల చిన్న పని డబ్బు ఇచ్చి చేయించండి. మీ కోడ్‌లోంచి నెమ్మదిగా నడిచే ఒక భాగాన్ని విడదీసి, సరైన జవాబులతో కలిపి ఇవ్వండి. తిరిగి వచ్చినప్పుడు వేగం అంకె కన్నా ముందు నివేదిక చదవండి. ఏ మెషీన్ మీద, ఏ కంపైలర్‌తో, ఎన్నిసార్లు కొలిచారు? ఆ మెషీన్ ఇవ్వగలిగిన గరిష్ఠ వేగంలో ఎంత శాతం చేరారు? "ఇరవై రెట్లు పెరిగింది" అన్న మాటకు ఈ సమాచారం లేకుండా విలువ లేదు, ఎందుకంటే పాత కోడ్ ఎంత అధ్వాన్నంగా ఉంటే రెట్లు అంత పెరుగుతాయి.

నేనైతే ఎవరిని తీసుకుంటాను

మన ఉదాహరణలోని కంపెనీకి, అంటే పదిమంది లోపు ఉండి, సాల్వర్ దగ్గర సమయం పోతున్న సంస్థకు, నేను ఇద్దరిని సూచిస్తాను: మూడు నాలుగు నెలలకు ఒక న్యూమరికల్ ఎనలిస్ట్, అతని పక్కన కూర్చుని నేర్చుకునే మీ సొంత డెవలపర్. కొత్తగా పర్మినెంట్ ఉద్యోగి అక్కర్లేదు. పద్ధతి సరిగ్గా ఉండి లూపులు, మెమరీ దగ్గర ఆలస్యమవుతుంటే మాత్రం పెర్ఫార్మెన్స్ ఇంజినీర్‌ను పర్మినెంట్‌గా తీసుకోండి, జీతం దగ్గర వెనకాడకండి. జీపీయూ నిపుణుణ్ణి ఈ రెండు పనులూ అయ్యాకే పిలవండి. చెడ్డ పద్ధతిని జీపీయూ మీదికి ఎక్కించి, ఆర్నెల్ల తర్వాత పద్ధతి మార్చితే ఆ క్యూడా కోడ్ అంతా మళ్లీ రాయాల్సిందే.

ఇద్దరు అభ్యర్థులు సమానంగా తూగితే, మీ సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ప్రశ్నలు అడిగినవాళ్లను తీసుకోండి. ఎన్ని అంకెల కచ్చితత్వం కావాలి, అతిపెద్ద మోడల్ ఎంత, కస్టమర్ ఎన్ని నిమిషాలు ఆగగలడు: ఈ మూడూ అడగకుండా పని మొదలుపెట్టేవాళ్ల దగ్గర నేను ఆగిపోతాను.

ఒప్పందంలో లక్ష్యాన్ని అంకెలతో రాయండి. ఫలానా మోడల్, ఫలానా మెషీన్ మీద, ఇన్ని నిమిషాల లోపు, పాత జవాబుతో ఇన్ని అంకెల దాకా కలవాలి. చెల్లింపులను మూడు విడతలు చేయండి: ప్రొఫైల్ నివేదికకు ఒకటి, నడిచే కోడ్‌కు ఒకటి, అప్పగింతకు ఒకటి. అప్పగింత అంటే కోడ్, టెస్టులు, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో రాసిన పత్రం, వాడిన లైబ్రరీల లైసెన్సుల పట్టిక, అన్నీ కలిపి. మీ డెవలపర్ ఆ కోడ్‌ను కొత్త మెషీన్ మీద ఎవరి సాయం లేకుండా బిల్డ్ చేసి, ఒప్పందంలో రాసిన అంకెలు తెప్పించాకే మూడో విడత డబ్బు ఇవ్వండి.